పూజలో పానా

నారాయణగూడ,
నవరాత్రులకు ముందు, 1969.

మా సులోచనక్కకు,

నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారనీ, ఆయన దగ్గు తగ్గిందనీ తలుస్తూ కొట్లో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాస్తే నీ మరిదిగారు భుజం మీదుగా చదువుతారు. ఆయన చదవకపోతే అత్తయ్యగారు చదువుతారు. ఇక్కడ నా చుట్టూ ఉన్నవన్నీ నట్లూ బోల్టులే. వాటికి చదువు రాదు కనక మనసులో మాట రాసుకోవచ్చు.

మామగారు పోయాక ఈ కొట్టు నా నెత్తిన పడినప్పుడు నువ్వు ఎంత బాధపడ్డావో గుర్తుందా? ఆడపిల్ల ఇనప సామాను అమ్ముకోవడం ఏమిటని నాన్నగారికి కూడా ఉత్తరం రాశావు. ఇప్పుడు నాకు ఇదే బాగుంది అక్కా. చీకట్లో చెయ్యి పెట్టినా ఏ డబ్బాలో ఏ మర ఉందో వేలికి తెలుస్తుంది. చిక్కడపల్లి షెడ్లనుంచీ రాంనగర్ నుంచీ మేస్త్రీలు వచ్చి "అక్కా, దీనికి ఏది వడుతది?" అని అడుగుతారు. నేను తీసి ఇస్తాను. అడగనిదల్లా మా ఇంటాయన ఒక్కరే.

అసలు సంగతి అదే. ఆయన మన అంబాసిడరుకు బొంబాయినుంచి కొత్త పొగగొట్టాలు తెప్పించారు. ఇంజను పక్కన పోత ఇనుము దిమ్మ ఒకటి ఉంటుంది. లోపల కాలిన పొగంతా దానిలోంచే బయటికి పోతుంది. ఆ దిమ్మను తీసేసి నాలుగు వంపు గొట్టాలు పెడితే ఇంజను సులువుగా ఊపిరి వదులుతుందట, కారు ఉరుకుతుందట. పార్శిలు విప్పిన రోజున ఆ గొట్టాలను వసారాలో పెట్టుకుని చూస్తూ కాఫీ చల్లార్చుకున్నారు. పెళ్ళిచూపుల్లో నన్నయినా అంతసేపు చూడలేదు.

విజయదశమి నాడు మోటారు క్లబ్బు వాళ్ళ పందెం ఉంది. పొద్దున్నే బయలుదేరి అనంతగిరి కొండ ఎక్కి, దిగి, తిరిగి రావాలి. నడిపేవాళ్ళ పక్కన ఒకరు కూర్చుని కాగితం చూస్తూ ముందు ఏ మలుపు వస్తుందో చెప్పాలి. ఇన్నేళ్ళూ ఆ సీటు నాది. ఏడాదంతా కొట్టూ, వంటిల్లూ, అత్తయ్యగారి మడీ. ఆ ఒక్క రోజు మాత్రం నేను "ఎడమకి" అంటే నీ మరిది ఎడమకి తిప్పుతారు. ఆ సంతోషం ఎవరికి చెప్పినా నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు నన్ను దించేశారు. "కారు బరువు తగ్గించాలి రత్నం. వెనక సీటు తీసేశాను. కింద పరిచింది కూడా తీసేశాను. నీ సీటు బదులు ఇనప చట్రానికి నవారు అల్లించాను. మూర్తి సన్నగా ఉంటాడుగా, వాడు కూర్చుంటాడు" అన్నారు. ఈ మూర్తి అంటే సూర్యనారాయణమూర్తి గారు. కాలేజీలో లెక్కలు చెప్తారు, ఇంగ్లీషు మోటారు పత్రికలు చదువుతారు, గాలి వేస్తే పడిపోయేలా ఉంటారు. వాళ్ళిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. కారులోంచి తీసేసిన సామాన్లలో నేనూ ఒకదాన్ని అయ్యాను కదా అనిపించింది.

అయినా ఊరుకోలేక, గొట్టాలు బిగించడానికి కావలసినవి నేనే ఎంచి పొట్లం కట్టాను. ఇంజనులోంచి మరచుట్లున్న కడ్డీలు బయటికి పొడుచుకుని ఉంటాయి. స్టడ్లంటాం. గొట్టాలను వాటికి తొడిగి నట్లు బిగించాలి. నేను ఇత్తడి నట్లు తీశాను. ఉక్కు నట్టు ఆ వేడికి స్టడ్డును కరిచి పట్టుకుంటుంది. తర్వాత విప్పబోతే స్టడ్డే విరుగుతుంది. ఇత్తడిదైతే అడిగినప్పుడు వదులుతుంది. స్ప్రింగు వాషర్లు వద్దన్నాను, ఆ వేడికి వాటి బిగువు చచ్చిపోతుంది. మందపాటి మామూలు వాషర్లు పెట్టాను. ఇంకొకటి కూడా ఉంది. ఒకే వాషరు ఇటు పొగగొట్టం అంచునూ, అటు పెట్రోలు ఆవిరి లోపలికి వెళ్ళే గొట్టం అంచునూ కలిపి తొక్కి పట్టాలి. కొత్త గొట్టాల అంచు పలచన. వాషరు ఆ పక్కకు వాలిపోతుంది. అందుకని ఆ తేడాకు సరిపడా రేకు ముక్కలు కత్తిరించి జత చేశాను.

మూర్తిగారు పొట్లం విప్పి చూసి "ఇత్తడి పూజ సామాన్లకి బాగుంటుందండీ" అన్నారు. నీ మరిది పొట్లం మళ్ళీ కట్టి నా చేతికే ఇచ్చారు. సికింద్రాబాదు నుంచి నల్లగా మెరిసే ఉక్కు నట్లూ, స్ప్రింగు వాషర్లూ తెచ్చుకున్నారు. ఊరందరికీ పనికొచ్చే నా కొట్టు సరుకు నా మొగుడి కారుకు పనికిరాలేదు. నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు అక్కా. నువ్వు వెంటనే రాయి.

నీ చెల్లెలు
రత్నమాల


అశోక్‌నగర్,
దుర్గాష్టమి.

అక్కా,

నీ జవాబు అందింది. మొగవాళ్ళ ముచ్చట, వదిలెయ్యమన్నావు. వదిలేసిన దాన్నే. కానీ నిన్న జరిగింది చూశాక వదలడం నావల్ల కావడం లేదు.

గొట్టాలు చిక్కడపల్లిలో కిషన్ రావు షెడ్డులో బిగించారు. ఈ కిషన్ రావు ఎవరో నీకు చెప్పాలి. ఈ వేసవిలో ఊళ్ళో ప్రత్యేక రాష్ట్రం గొడవలు జరిగినప్పుడు, కోస్తానుంచి వచ్చినవాళ్ళమని భయపడి మన కొట్టు మూసుకుని ఇంట్లో కూర్చున్నాం కదా. అప్పుడు ఒకరోజు మా తాళం పక్కన తన తాళం కూడా వేసి, అడిగిన వాళ్ళకల్లా "గీ దుకాణం నాదే" అని చెప్పిన మనిషి. అప్పుడే అత్తయ్యగారు అమ్మవారికి మొక్కుకున్నారు. కొట్టు మళ్ళీ తెరుచుకుంటే ఈ దసరాకు ఆయుధపూజ ఇంట్లో కాదు, కొట్లోనే చేస్తాననీ, నవమి నాడు పూజలో పెట్టిన మామగారి పానాలు దశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ కదపకుండా కాపలా కూర్చుంటాననీ. ఆ మొక్కు ఆవిడ నోట నేను నా చెవులతో విన్నాను.

నిన్న నీ మరిది ఒక్కరే కారును గండిపేట దాకా తోలి చూసుకుని వచ్చారు. వస్తూనే తల పగిలిపోతోందన్నారు. అన్నం ముందు కూర్చుని కంచం మీదికే తూలారు. కళ్ళెర్రగా ఉన్నాయి. అత్తయ్యగారు కంగారుపడి, కొత్త గొట్టాల కారు చూసి అందరి కళ్ళూ పడ్డాయని ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. మిరపకాయలు పొయ్యిలో వేసినప్పుడు ఘాటు రాలేదని, దిష్టి అంతా ఇంతా కాదని అన్నారు. నాకు మాత్రం ఆయన చొక్కాలోంచి పొగ వాసన వచ్చింది.

ఆయన పడుకున్నాక వెళ్ళి బోనెట్టు ఎత్తి చూశాను. వాషర్లు నేననుకున్నట్టే ఒక పక్కకు వాలి ఉన్నాయి. రెండో గొట్టం అతుకు దగ్గర నల్లని మసి చార. స్ప్రింగు వాషర్ల బిగువు చచ్చిపోయి, నట్టును వేళ్ళతో పట్టుకుంటే కదిలింది. అక్కా, ఆ పొగ ఎటు పోతుందో తెలుసా? బరువు తగ్గించాలని కింద పరిచింది తీసేశారే, దాని కింద కాళ్ళ దగ్గర ఉన్న రబ్బరు మూతలు కూడా పీకేశారు. ఆ కంతల్లోంచి నేరుగా లోపలికి వస్తుంది. అది మనిషిని దగ్గించే పొగ కాదు. నిద్రపుచ్చే పొగ. గండిపేట రోడ్డు చదునుగా ఉంటుంది కనక తూలుతూనైనా ఇంటికి వచ్చారు. అనంతగిరి మలుపుల మీద కునుకు పడితే ఏమవుతుంది?

ఆయన లేచాక వేలికి మసి రాసుకుని చూపించాను. "కొత్త గొట్టాల మీద రంగు కాలింది, అంతే" అన్నారు. నట్టు వదులైందన్నాను. "నిన్ను తీసుకెళ్ళడం లేదని ఏదో ఒక వంక వెతుకుతున్నావు రత్నం" అన్నారు.

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదేమో. ఆయన ప్రాణం గురించి నేను భయపడితే అది ఆయనకు సీటు కోసం పేచీలా వినిపించింది. నా మాటకు ఆ పాటి విలువ కూడా లేని ఇంట్లో ఉండి ఏం చెయ్యను? పండగ వెళ్ళగానే మీ దగ్గరికి వచ్చేస్తాను. ఎంతకాలం ఉంటానో ఇప్పుడే అడగొద్దు.

రత్నం


చిక్కడపల్లి,
మహర్నవమి.

అక్కా,

కిషన్ రావు షెడ్డులో పాత టైరు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. నా ఎదురుగా కారు ఉంది. పొద్దున మళ్ళీ కాసేపు తిప్పి తెచ్చారు. ఇంజను ఇంకా సెగ కక్కుతోంది, చెయ్యి పెట్టనివ్వడం లేదు. అది కాస్త చల్లారేదాకా నీకు రాస్తాను.

ఆయనా మూర్తిగారూ క్లబ్బుకు వెళ్ళారు. దీపాలవేళకు వచ్చి కారును మైదానానికి తీసుకుపోతారు. రేపు బయలుదేరే కార్లన్నీ ఈ రాత్రి అక్కడే ఉండాలట. ఈలోగా ఈ ఉక్కు నట్లు తీసేసి, నా రేకు ముక్కలు సర్ది, ఇత్తడి నట్లు బిగించాలి. పొట్లం నా ఒళ్ళోనే ఉంది. లేనిదల్లా పానా.

కిషన్ రావును అడిగాను. ఆయన తల వంచుకుని "వదినమ్మా, నా పానాలన్నీ పూజల వెట్టిన. రేపు జమ్మి చూసొచ్చినంక తీస్త. ఇయ్యాల ముట్టరాదు, ఏమనుకోకు" అన్నాడు. పక్క షెడ్డూ అంతే. దాసయ్య రిక్షాలో రాంనగర్ వెళ్ళాను, ముషీరాబాదు వెళ్ళాను. ముషీరాబాదులో సాయిబుగారి షెడ్డుకు తాళం, పనివాళ్ళంతా పండగకు ఊళ్ళకు పోయారని ఆయనా మూసుకున్నాడు. మిగతా అన్నిచోట్లా పానాలకు పసుపూ కుంకుమా పెట్టి, పూలు కప్పి ఉన్నాయి. ఇంత పెద్ద ఊళ్ళో ఈ ఒక్కరోజు నట్టు తిప్పేవాడు లేడు.

చివరికి కొట్టుకు వెళ్ళాను. అత్తయ్యగారు కలశం ముందు కూర్చుని ఉన్నారు. మామగారి పానాలు పీట మీద వరసగా ఉన్నాయి.

"అత్తయ్యగారూ, ఒక్క పానా కావాలి" అన్నాను.

"రేపు ఉద్వాసన అయ్యాక తీసుకో."

"రేపటికి కారు వెళ్ళిపోతుందండీ. నట్లు వదులయ్యాయి. పొగ లోపలికి వస్తోంది. మొన్న ఆయనకు తగిలింది దిష్టి కాదు."

ఆవిడ నా మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగారు. "నువ్వు కారు గురించి చెప్తున్నావా, నీ సీటు గురించి చెప్తున్నావా?"

అంటే తల్లీ కొడుకూ మాట్లాడుకున్నారన్నమాట. ఇంక చెప్పి ఏం లాభం? కాసేపటికి ఆవిడ మంచినీళ్ళకని లోపలి గదిలోకి వెళ్ళారు. పానా చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. దేవుడి మీద కోపం, మొగుడి మీద కోపం, ఆవిడ మీద కోపం, అన్నీ ఉన్నాయి. అయినా చాపలేకపోయాను. వేసవిలో మూసిన తలుపుల వెనక వణుకుతూ ఆవిడ మొక్కుకోవడం కళ్ళముందు కదిలింది. వచ్చేశాను.

ఇంట్లో మామూలు ప్లయరు ఒకటి ఉంటే తెచ్చాను. అది నట్టు మీద జారుతుంది, తెలుసు. అయినా దానితోనే చేస్తాను. చేసి ఆయనకు చెప్పను. ఆయన క్షేమంగా తిరిగి వస్తే చాలు, నేను రైలెక్కుతాను. వచ్చే శుక్రవారం పొద్దున బావగారిని స్టేషనుకు పంపు. దాసయ్యకు ఇచ్చి ఈ ఉత్తరం డబ్బాలో వేయిస్తున్నాను. ఇంజను ఎంత చల్లారితే అంత. ఇక ఆగడానికి వేళ లేదు.

రత్నం


అశోక్‌నగర్,
దశమి మర్నాడు.

చిరంజీవి సౌభాగ్యవతి సులోచనకు నీ చెల్లెలి అత్తగారు బాలత్రిపురసుందరి దీవించి, ఎవరిచేతా రాయించకుండా స్వయంగా రాస్తున్న ఉత్తరం.

ముందుగా చెప్పవలసింది చెప్పేస్తాను. శుక్రవారం మీ ఆయన్ని స్టేషనుకు పంపకు. రత్నం రావడం లేదు. కంగారుపడకు, అందరం క్షేమం. దాని కుడిచెయ్యి కాలి కట్టు కట్టించాం కనక నేను రాస్తున్నాను. అది నా వెనక నిలబడి అలా రాయండి, ఇలా రాయండి అంటోంది. నేను వినిపించుకోవడం లేదు.

నవమి నాడు అది పానా అడిగితే నేను ఇవ్వనన్నాను. ఆ మాట నీకు రాసే ఉంటుంది. రాయనిది నేను చెప్తాను, ఎందుకంటే అది దానికీ తెలియదు. నాకు దాహమై లోపలికి వెళ్ళలేదమ్మా. నా చేత్తో తీసి ఇస్తే మొక్కు తప్పుతుంది. అది తీసుకుపోతే చూడనట్టు ఊరుకుందామని వెళ్ళాను. గోడ వెనక నిలబడి చాలాసేపు చూశాను. అంత నోరున్న పిల్ల, పానా వంక చూసి, చెయ్యి వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయింది.

కాసేపటికి రిక్షా దాసయ్య వచ్చాడు. "పెద్దమ్మా, మీ కోడలు ప్లయరు వట్టుకొని నట్లు తిప్పుతున్నది. జారి చెయ్యి గొట్టానికి తాకింది. తోలు లేచింది. ఏడుస్తలేదు, మల్ల తిప్పుతున్నది. గందుకే నాకు పరేషాన్ అయితున్నది, జర వచ్చి చూడు" అన్నాడు.

సీటు కోసం పేచీ పెట్టే మనిషి చెయ్యి కాల్చుకోదు. ఆ కారులో కూర్చునేది నా కొడుకు. పీట మీద పెద్ద పానా తీశాను. ఆ చోటు ఖాళీగా ఉంచడానికి మనసొప్పలేదు. నైవేద్యం గారెలకు తెచ్చుకున్న గరిటె కడిగి, కుంకుమ పెట్టి, పానా బదులు అక్కడ పెట్టాను. పెళ్ళయిన నాటినుంచీ నా ఆయుధం అదే కదా, అమ్మవారికి ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. పానా కొంగులో చుట్టుకుని రిక్షా ఎక్కాను.

షెడ్డులో నన్ను చూసి కిషన్ రావు నోరు తెరిచాడు. "పెద్దమ్మా, పూజల పానా తీస్తివా?" అన్నాడు. తీశాను, నువ్వు వెళ్ళి కాలిన చేతికి మందు తీసుకురా అన్నాను. రత్నం పానా వంకా నా వంకా చూసి, అప్పుడు ఏడ్చింది. ఎడమ చేత్తో తిప్పుతూ, అది చెప్పిన వరసలో నేను వాషరూ, రేకు ముక్కా, నట్టూ అందిస్తూ, చీకటి పడే లోపల పని పూర్తిచేశాం. నా చేతి కుంకుమ ఆ ఇత్తడి నట్లకు అంటుకుంది.

మా అబ్బాయి జగన్నాథం, మూర్తి వచ్చారు. కింద కుప్పగా పడి ఉన్న నల్ల నట్లను చూశారు. జగన్నాథం ఇంజను తిప్పి, తెల్ల రుమాలు తీసి అతుకుల దగ్గర పెట్టి చూశాడు. రుమాలు తెల్లగానే ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కోడలి చేతి కట్టు చూసి, అక్కడే ఒక డబ్బా మీద కూలబడ్డాడు.

అప్పుడు నేను రత్నాన్ని అడిగాను, ఇక ఇంతేనా అని. "లేదండీ, మొదటిసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్ళీ కాస్త బిగించాలి" అంది. అయితే పానా కారులో వెళ్ళాలన్నమాట. జగన్నాథం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"పూజలోంచి తీసిన పానా, తీయించిన మనిషి చేతిలోనే ఉండి పూజకు తిరిగి రావాలి. నీ చేతికి ఇవ్వను, మూర్తి చేతికి ఇవ్వను" అన్నాను.

"ఇలాంటి శాస్త్రం ఎక్కడుందమ్మా?" అన్నాడు.

"ఇవాళే పెట్టాను."

మూర్తి మంచివాడమ్మా. తనకు మలుపుల్లో కడుపులో తిప్పుతుందనీ, ఇప్పుడే గుర్తొచ్చిందనీ చెప్పి, దారి కాగితాలు రత్నం ఒళ్ళో పెట్టి వెళ్ళాడు.

నిన్నటి రోజు ఎలా గడిచిందో నన్నడగకు. గరిటె పీట మీద ఉంది కనక నేను వంట కూడా చెయ్యలేదు. దాసయ్య వచ్చి కొట్టు గుమ్మంలో కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా కారు చప్పుడు విన్నాను. దిగినవాడికి తలనొప్పి లేదు, తూలడం లేదు. పందెం గెలవలేదు. చేవెళ్ళ దగ్గర చెట్టుకింద ఆగి నట్లు బిగించుకుంటుంటే కార్లన్నీ దాటిపోయాయట. రత్నానికి ఒంటి చేత్తో బలం చాలలేదు. పానా వదలకూడదు కనక అది పట్టుకునే ఉంటే, వాడు దాని చేతి మీద చెయ్యి వేసి బిగించాడట. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. నేనూ అడగలేదు. పానా తెచ్చి పీట మీద పెట్టారు, నేను నా గరిటె తీసుకుని ఉద్వాసన చెప్పుకున్నాను.

ఈ పొద్దున లేచేసరికి జగన్నాథం కారులో నవారు సీటు పీకి బయట పడేశాడు. అటక మీద దాచిన రత్నం పాత సీటు దించి దుమ్ము దులుపుతున్నాడు. నేను కాఫీ ఇవ్వబోతుంటే వంటింటి గుమ్మం దాకా వచ్చి, నన్ను కాదు, దాన్ని అడిగాడు.

"రత్నం, నీ సీటుకు ఏ నట్లు పెట్టమంటావు? ఇత్తడివేనా?"

అది కట్టు కట్టిన చెయ్యి చూసుకుంది. తర్వాత అంది.

"వద్దు, ఇత్తడి అడిగితే వదులుతుంది. సికింద్రాబాదు ఉక్కువే పెట్టండి. అవి మళ్ళీ ఊడి రానక్కర్లేదు."

ఆశీస్సులతో,
బాలత్రిపురసుందరి